బ్రైడ్-ప్రైస్‌కి విగ్రహవాక్యం

'ఓలి' అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చాల్సి వచ్చినప్పుడల్లా మన చేతికి దొరికే మాట ఒకటే, 'బ్రైడ్-ప్రైస్'. కన్యాశుల్కం అన్నా అదే మాట. సవరలు పిల్లనడగడానికి మోసుకెళ్ళే కల్లుకుండ గురించి రాసినా అదే మాట. నూటపాతికేళ్ళ కిందట విశాఖ జిల్లా బ్రాహ్మణ ఇళ్ళల్లో ఏడాది పిల్లకు కట్టిన నాలుగువందల రూపాయలకీ, పార్వతీపురం దగ్గర పల్లెలో ఉభాలు ఊడ్చే ఆడమనిషికి కట్టిన అరవై రూపాయలకీ ఒకే మాట సరిపోతోందంటే ఆ మాటను కొంచెం అనుమానించక తప్పదు.

పదో తరగతిలో మనందరం సమాసాలు చదువుకున్నాం. సమాసం ఇచ్చి విగ్రహవాక్యం రాయమనేవారు. రామబాణం అంటే రాముని యొక్క బాణం. మార్కుల కోసం చదివిన ఆ పాఠంలో ఒక పెద్ద విషయం ఉందని తరవాత ఎప్పుడో తెలిసింది. రెండు మాటలు కలిసి సమాసమైనప్పుడు మొదట మాయమయ్యేది విభక్తి. అంటే ఎవరు, ఎవరికి, ఎవరి చేత, ఎవరి నుంచి అనే సంగతి. అధికారం ఎవరి దగ్గరుందో చెప్పేది కూడా ఆ చిన్న ప్రత్యయాలే. బ్రైడ్-ప్రైస్ అంటే వధువు యొక్క ధరా? వధువు కొరకు కట్టే ధరా? వధువుకు ఇచ్చేదా? రెండు నామవాచకాల మధ్య చిన్న గీత గీసి ఇంగ్లీషు ఊరుకుంటుంది. 'కన్యాశుల్కం' ఆ గీత కూడా గీయదు. షష్ఠీ తత్పురుషమా, చతుర్థా అన్నది చదివేవాళ్ళ ఇష్టం.

ఈ ఇంగ్లీషు సమాసం పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ముందు తేలేది, అది మన వ్యాకరణం ప్రకారం వైరి సమాసమని. 'బ్రైడ్' జర్మనిక్ భాషల నుంచి వచ్చిన అచ్చమైన ఇంటిమాట. 'ప్రైస్' లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా పదమూడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన బయటిమాట. మన పండితులైతే ముక్కు విరిచేవారు.

'బ్రైడ్' మొదటి అర్థం పెళ్ళికూతురే అయి ఉండాలని లేదు. నాలుగో శతాబ్దపు గోతిక్ భాషలో దీని తోబుట్టువైన మాటకు అర్థం కోడలు. ఫ్రెంచివాళ్ళు ఇదే మాటను జర్మనిక్ నుంచి తీసుకుని ఇప్పటికీ కోడలు అనే అర్థంలోనే వాడతారు. అంటే ఆ మాటలో ఉన్నది వరుడి పక్కన నిలబడ్డ మనిషి కన్నా, అత్తవారింట్లోకి అడుగుపెట్టిన మనిషి. మన 'పెళ్ళికూతురు' కూడా ఆలోచించదగ్గ సమాసమే. పెళ్ళి రోజున కూడా ఆ పిల్ల కూతురే, అతను కొడుకే. మాటలో భార్యా లేదు, భర్తా లేదు. రెండు ఇళ్ళ మధ్య బేరంలో కూతురు, కోడలు అనే రెండు పాత్రలే కనిపిస్తాయి. మధ్యలో ఆ మనిషి ఎవరో ఏ భాషా పట్టించుకున్నట్టు లేదు.

'బ్రైడల్' అనే మాట ఇంకా సరదాగా ఉంటుంది. ఇప్పుడు విజయనగరంలో ఏ బ్యూటీ పార్లర్ బోర్డు చూసినా 'బ్రైడల్ మేకప్' అని ఉంటుంది. చివరి 'అల్' ప్రత్యయంలా కనిపిస్తుంది కానీ ప్రత్యయం కాదు. అది 'ఏల్', అంటే బార్లీతో చేసే బీరు లాంటి పానీయం. 'బ్రైడ్-ఏల్' అంటే పెళ్ళినాటి తాగుడు, విందు. పాత ఇంగ్లీషులో అది నామవాచకం. తాగుడు సంగతి మరిచిపోయాక విశేషణం అయి కూర్చుంది. సవరల పెళ్ళిళ్ళ గురించి 1880ల నుంచి ఇంగ్లీషు అధికారులు రాసిన వర్ణనల్లో పిల్ల ఇంటికి మళ్ళీమళ్ళీ కల్లుకుండలు మోసుకెళ్ళడం, కుండ పుచ్చుకుంటే సంబంధం కుదిరినట్టనడం కనిపిస్తాయి. 'ఎంత వింత ఆచారమో' అన్న ధ్వని ఆ రాతల్లో వినిపిస్తుంది. తమ సొంత పెళ్ళిమాటలోనే కల్లుకుండ ఉందని వాళ్ళకు తట్టి ఉండదు. సీతంపేట కొండలు ఇప్పుడు 2022లో ఏర్పడ్డ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి.

'వెడ్డింగ్' సంగతీ చెప్పాలి. పాత ఇంగ్లీషులో 'వెడ్' అంటే హామీ, తాకట్టు. పిల్లని ఇస్తామని, సొమ్ము కడతామని ఇరుపక్షాలూ పెట్టుకునే పూచీ అన్నమాట. అదే వేరు ఫ్రెంచిలోకి వెళ్ళి తిరిగొచ్చి 'వేజ్' అయింది. అంటే కూలి. 'మార్ట్‌గేజ్' చివర ఉన్న 'గేజ్' కూడా అదే. పెళ్ళి, కూలి, తాకట్టు ఒక్క కడుపున పుట్టిన మాటలు. ఓలికీ కూలికీ మన భాషలో ప్రాస మాత్రమే ఉంది. వాళ్ళకి చుట్టరికమే ఉంది.

ఇక 'ప్రైస్'. దీని తోబుట్టువులు 'ప్రైజ్', 'ప్రెయిజ్'. అంటే బహుమతి, మెప్పు. మొదట్లో ఈ మూడు అర్థాలూ ఒక్క మాటలోనే ఉండేవి. తరవాత విడిపోయి ధరకు ఒక రూపం, మెప్పుకు ఒక రూపం వచ్చాయి. వధువు పక్కన చేరింది మాత్రం ధర.

ఇంగ్లీషువాళ్ళకి ఈ ఆచారం పరాయిది కాదు. ఏడో శతాబ్దం మొదట్లో కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ రాయించిన చట్టాల్లో, ఒకడు కన్యను కొంటే మోసం లేని పక్షంలో ఆ బేరం చెల్లుతుందని ఉంది. మోసముంటే పిల్లని పుట్టింటికి తిరిగి అప్పజెప్పి సొమ్ము వెనక్కి పుచ్చుకోవచ్చు. ఆ సొమ్ముకి పాత ఇంగ్లీషులో 'వెయొటుమా' అని ఒక ఏకపదం ఉండేది. సమాసం కాదు, మన ఓలి లాగే ఒంటిమాట. పెళ్ళైన మర్నాడు భర్త భార్యకే నేరుగా ఇచ్చేదానికి 'మోర్గెన్‌గిఫు', ఉదయకానుక, అని వేరే మాట. అది ఆమె సొంత ఆస్తి. అంటే తండ్రికిచ్చేది ఒకటి, ఆమెకిచ్చేది ఒకటి అని ఆ భాష స్పష్టంగా విడదీసి చెప్పగలిగేది. తరవాతి శతాబ్దాల్లో ఆచారమూ పోయింది, మాటలూ చచ్చిపోయాయి. పంతొమ్మిదో శతాబ్దంలో ఆఫ్రికాలో, ఆసియాలో ఇలాంటిది మళ్ళీ ఎదురైనప్పుడు తమ ముత్తవ్వల మాట వాళ్ళకు గుర్తు రాలేదు. పరాయివాళ్ళ అనాగరికత కోసం కొత్త సమాసమే వాడుకలోకి తెచ్చుకున్నారు. అందులో పాత తేడాలేవీ లేవు.

మన వైపు సంస్కృతం పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. శుల్కం అంటే సుంకం. తెలుగులో 'సుంకం' ఆ మాట నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవమే. సరుకు పొలిమేర దాటేటప్పుడు కట్టేది. కన్య కూడా పొలిమేర దాటే సరుకేనన్న ఊహ ఆ మాటలోనే ఉంది. మనుస్మృతి మూడో అధ్యాయంలో తండ్రి పిసరంత శుల్కం పుచ్చుకున్నా బిడ్డను అమ్ముకున్నవాడే అని గట్టిగా చెబుతుంది. అదే పుస్తకం ఎనిమిదో అధ్యాయానికి వచ్చేసరికి, ఒక పిల్లను చూపించి ఇంకో పిల్లను కట్టబెడితే వరుడు ఒకే శుల్కానికి ఇద్దరినీ తీసుకుపోవచ్చంటుంది. మోసం జరిగింది తండ్రి వల్ల, నష్టపరిహారం రెండో ఆడపిల్ల. కెంట్ రాజు చట్టానికీ దీనికీ పోలిక చూశారా? రెండిటికీ దిగులు కొన్నవాడు మోసపోకూడదనే. మరోపక్క యాజ్ఞవల్క్యుడు శుల్కాన్ని స్త్రీధనాల జాబితాలో చేర్చాడు. తండ్రి తీసుకుంటే పాపమైన సొమ్ము, ఆమె చేతికొస్తే ఆమె ఆస్తి. మాట ఒకటే, విభక్తి వేరు. శాస్త్రకారుల మధ్య గొడవంతా ఒక రకంగా విగ్రహవాక్యం మీదే.

కన్యాశుల్కం నాటకాన్ని నేను మళ్ళీమళ్ళీ ఈ వైపు నుంచి చదువుతుంటాను. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా మారిపోయి రెండో కూర్పు వచ్చింది. మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో అంకెలున్నాయి. ఆనందగజపతి మహారాజు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించారు. మూడేళ్ళలో 1034. ఏడాదికి సగటున 344. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురికీ పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉండగానే కుదుర్చుకున్న బేరాలూ ఉండేవని రాశారు. ఇక్కడ విగ్రహవాక్యం విషయంలో ఏ సందేహమూ లేదు. కన్య యొక్క ధర. ఇచ్చేవాడు ముసలివాడు, పుచ్చుకునేవాడు తండ్రి, రాబోయేది వైధవ్యం.

నాటకంలో అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మను అలా ఇచ్చి విధవను చేసుకున్నవాడే. చిన్నది సుబ్బిని పద్దెనిమిది వందలకు లుబ్ధావధాన్లుకి ఇవ్వడానికి సిద్ధపడతాడు. తల్లి వెంకమ్మకు ఆ బేరంలో మాట చెల్లదు. ఆవిడ చేయగలిగింది నూతిలో దూకడం. బేరాన్ని చెడగొట్టడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి అదే ముసలాయనకు అమ్ముతాడు. ఈ ఎత్తుని మనం హాస్యంగా చూసి నవ్వుకుంటాం. కానీ చూడండి, ధర ఉంది, వధువు లేదు. ఆడపిల్ల లేకుండానే ఆడపిల్ల బేరం మొదటి నుంచి చివరి దాకా సజావుగా సాగిపోయింది. దళారీ ఉన్నాడు, డబ్బు చేతులు మారింది, పుస్తె పడింది. చివరికి లేని పెళ్ళాన్ని చంపాడన్న అభియోగం కూడా లుబ్ధావధాన్లు మీద పడింది. కన్యాశుల్కం అనే సమాసంలో 'కన్య' ఎంత ఖాళీ స్థలమో గురజాడ చేసి చూపించినట్టు ఏ వ్యాసమూ చెప్పలేదు. 2007లో వెల్చేరు నారాయణరావు ఈ నాటకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు శీర్షికలో బ్రైడ్-ప్రైస్ జోలికి పోకుండా 'గర్ల్స్ ఫర్ సేల్' అన్నారు. సమాసాన్ని విప్పేశారు. అమ్మకం అని నేరుగా అన్నందువల్ల అది ఈ నాటకానికి సరైన పేరనే నా అభిప్రాయం. ఓలికి మాత్రం ఆ పేరు పెట్టలేను.

ఓలి గురించి నాకు తెలిసింది ముందు పుస్తకాల వల్ల కాదు. మాది తూర్పుకాపుల ఇల్లు. మా మామ్మ పెళ్ళి దేశానికి స్వాతంత్ర్యం రాకముందు. మామ్మకి అరవై రూపాయలు, రెండు కోకలు, ఒక మేక ఓలి కట్టారు. ఆ అరవై మా తాతకి ఎక్కడివంటే, అతని చెల్లెలికి వచ్చిన ఓలి. మామ్మకి వచ్చిన ఓలితో మామ్మ తమ్ముడికి పెళ్ళయింది. ఒక ఇంట్లోంచి ఆడపిల్ల వెళితే ఆ ఇంట్లోకి ఇంకో ఆడపిల్ల రావడానికి ఆ సొమ్ము తిరుగుతూ ఉండేది. దీన్ని ధర అనడం కష్టం. ధర కట్టి కొన్న వస్తువు కోసం మళ్ళీ పుట్టింటివాళ్ళు పండగకి బండి కట్టుకుని రారు. అలాగని కానుక అనీ అనలేం. కానుకైతే లెక్కపెట్టి వెనక్కి అడగరు.

ఆ ఓలి ఎందుకు కట్టారో మామ్మకి బాగా తెలుసు. ఉభాలు, కలుపు, కోత, నూర్పు అన్నిటికీ తనే. "నాను ఎల్లిపోతే మా నాయనకి రెండు సేతులు పోనాయి. దానికే ఇచ్చినారు" అనేది. డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్తర్ బోసెరప్ 1970లో తన పుస్తకంలో ఇంచుమించు ఈ మాటే చెప్పింది. పొలంపనిలో ఆడవాళ్ళ శ్రమ ప్రధానమైన చోట మగపిల్లవాడి వైపు నుంచి సొమ్ము కదులుతుందని, నాగలి వచ్చి ఆడవాళ్ళ పని తగ్గినట్టు కనిపించే చోట కట్నం ఉంటుందని. ఆ సిద్ధాంతానికి తరవాత చాలా సవరణలు వచ్చాయి. 1973లో గూడీ, తంబయ్య కలిసి రాసిన పుస్తకం ఆస్తి వైపు నుంచి చూసింది. వివరాల్లో తగువులెన్నున్నా మామ్మ చెప్పిన రెండు చేతుల లెక్క నాకు ఇప్పటికీ బలమైనదే.

అయితే ఓలి మీద నాకు భక్తేమీ లేదు. ఆ మాటను ముద్దుచేసే వ్యాసాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. శ్రామిక కులాల్లో స్త్రీకి విలువ ఉండేది, బ్రాహ్మణీయ ప్రభావం వచ్చి కట్నం తెచ్చింది అని ఒక గీత గీసేస్తారు. అందులో సగం నిజం ఉంది. కానీ ఓలి తక్కువని గుడ్డిదాన్ని పెళ్ళాడితే ఇంట్లో కుండలన్నీ పగలగొట్టిందట అనే సామెత మన భాషలోదే. కళ్ళు లేని పిల్లకి ఓలి తగ్గుతుందన్నది ఆ సామెత పుట్టిన ఊళ్ళో అందరికీ తెలిసిన రేటు. చేతుల లెక్కే అయినప్పుడు చేతులు సరిగా లేనిదానికి తరుగు తీస్తారు. ఓలి ఎంతో తేల్చేది మగవాళ్ళు, పుచ్చుకునేది తండ్రి. అది కట్టలేక కుండమార్పిడి పెళ్ళిళ్ళు చేసుకుంటే ఒక ఇంట్లో గొడవకి రెండు ఇళ్ళల్లో ఆడపిల్లలు దెబ్బలు తినేవారు. ఏజెన్సీలో ఓలికి అప్పుచేసి గోతి వెట్టిలో ఏళ్ళకేళ్ళు మగ్గిపోయిన కుర్రాళ్ళ సంగతి మరో కథ.

తేడా ఎక్కడుందంటే, తెంచుకోవడంలో. అగ్రహారంలో శుల్కం పుచ్చుకున్న తండ్రి కూతురికి బయటికొచ్చే దారి లేదు, మొగుడు పోయినా లేదు. ఓలి ఉన్న కులాల్లో మారుమనువు ఉంది. మొగుడితో పొసగకపోతే కులపెద్దల ముందు ఓలి వెనక్కి కట్టి తెంచుకోవచ్చు. మామూలుగా ఆ సొమ్ము కట్టేది ఆమెను చేసుకోబోయే రెండోవాడు. దాన్ని తప్పు అనేవారు. అంటే జరిమానా. ఒక మగవాడు ఇంకో మగవాడికి లెక్క తీర్చడమే తప్ప ఆమె స్వేచ్ఛకి ఎవరూ పండగ చేయలేదు. అయినా తలుపు తలుపే.

తర్‌స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాల్లో దక్షిణాది కులాలన్నిటికీ పెళ్ళి వివరాలున్నాయి. మన జిల్లాల కులాల దగ్గరికొచ్చేసరికి పేజీ తరవాత పేజీ బ్రైడ్-ప్రైస్, విడాకులు, వితంతు వివాహం అన్న మూడు అంశాలూ పక్కపక్కనే నమోదవుతాయి. ఈ మూడిటికీ సంబంధం ఉందన్న స్పృహ ఆ రాతలో లేదు. చదువుకున్న మన పెద్దలు ఆ పేజీల్లో తమ కులం పేరు పక్కన 'ప్రైస్' అని చూసి సిగ్గుపడ్డారు. సంఘసంస్కర్తలు బ్రాహ్మణుల కన్యావిక్రయాన్ని ఏ గొంతుతో ఖండించారో, కులసంఘాలు ఓలిని కూడా అదే గొంతుతో ఖండించడం మొదలుపెట్టాయి. పిల్లను అమ్ముకునే నీచం మాకొద్దు, కన్యాదానం చేస్తాం అన్నారు. దానం చేసేటప్పుడు దక్షిణ ఉండాలి కదా. ఓలి పోయిన ఖాళీలోకి కట్నం వచ్చింది. దానికి చదువు, ఉద్యోగాలు, భూమి ధరలు, పట్నవాసం అన్నీ కారణాలే. ఒక్క మాట వల్లే అంతా జరిగిందని నేననడం లేదు. కానీ సిగ్గుపడడానికి ఒక మాట కావాలి, ఆ మాట సిద్ధంగా దొరికింది.

ఇక్కడ భాష చేసిన పని చూడండి. ఆడపిల్ల ఇంటికి వచ్చే సొమ్ముకి పేరు ధర, శుల్కం, విక్రయం. మగపిల్లవాడి ఇంటికి వెళ్ళే సొమ్ముకి పేరు కట్నం. కట్నం అంటే ఆదరంగా ఇచ్చేది, చదివించేది. కట్నకానుకలు అని జంటగానే అంటాం. ఇంగ్లీషులోనూ ఇంతే. 'డౌరీ' లాటిన్‌లో ఇవ్వడం అనే ధాతువు నుంచి వచ్చింది. ఒక దిక్కుగా వెళ్ళే డబ్బుకి అంగడి మాట, ఇంకో దిక్కుగా వెళ్ళే డబ్బుకి ఆదరపు మాట. 'గ్రూమ్-ప్రైస్' అనే మాటను సామాజిక శాస్త్రవేత్తలు వాడతారు కానీ జనం నోట పలకలేదు. తెలుగులో కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం' అని నాటకం రాసి ఆ ముసుగు తీయాలని చూశాడు. 1939లో సినిమా కూడా అయింది. నాటకం బతికింది, మాట వాడుకలోకి రాలేదు. పెళ్ళికొడుకుని అమ్మారు అని మనం కోపంలో అంటాం తప్ప మామూలు మాటగా అనం.

చట్టంలోనూ ఒక తమాషా ఉంది. 1961 చట్టం నిర్వచనం ప్రకారం పెళ్ళిలో ఒక పక్షం ఇంకో పక్షానికి ఇచ్చేది, ఇస్తామని ఒప్పుకునేది ఏదైనా డౌరీయే. ఏ పక్షం అన్నది చెప్పలేదు. అంటే ఓలి కూడా అందులోకే వస్తుంది. తెలుగులోకి వచ్చేసరికి అది 'వరకట్న నిషేధ చట్టం' అయింది. ఇంగ్లీషులో లేని వరుడు తెలుగు సమాసంలోకి వచ్చి కూర్చున్నాడు. ఇక్కడ మాత్రం అనువాదం వాస్తవానికి దగ్గరగా వచ్చిందని ఒప్పుకోవాలి. ఎవరికి చేరుతోందో తెలుగు సమాసమే చెప్పేసింది.

నా పెళ్ళి మాటలప్పుడు ఇవన్నీ నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. డాక్టరేటు అయింది, కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మధ్యవర్తి మా నాన్నతో అన్నాడు, "అమ్మాయి ఎక్కువ చదివేసింది బాబూ, అంతకన్నా చదివినవాడిని తేవాలి, రేటు పెరుగుతాది." మామ్మ రెండు చేతులకి అవతలివాళ్ళు కట్టారు. నా చదువుకి మేమే కట్టాలి. నాన్న రెండెకరాలు అమ్మారు. అమ్మను అడిగాను, నీకేం ఇచ్చారని. "మాకేటీ లేదు. ఓలి మానీసినారు, కట్నం ఇంకా రాలేదు. మా రెండు మూడేళ్ళ పెళ్ళిళ్ళు సుబ్బరంగా అయిపోనాయి" అంది నవ్వుతూ. ఆ రెండు మూడేళ్ళ గురించి ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును.

మానవశాస్త్రంలో ఈ సమాసం మీద తగువు 1930 ప్రాంతంలోనే వచ్చింది. 1931లో ఎవాన్స్-ప్రిచర్డ్ 'మ్యాన్' పత్రికలో రాస్తూ, 'ప్రైస్' అనడం వల్ల ఆడవాళ్ళను సరుకులా కొంటారన్న అపోహ కలుగుతోందని, 'బ్రైడ్-వెల్త్' అందామని ప్రతిపాదించాడు. శాస్త్రంలో ఆ మాట నిలబడింది. నాకు దానితోనూ తృప్తి లేదు. ధర పోయి సంపద వచ్చింది కానీ విభక్తి మాత్రం రాలేదు. ఎవరి సంపద? ఉగాండాలో స్త్రీల సంస్థ ఒకటి ఈ ఆచారాన్నే కోర్టుకి లాగింది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు పెళ్ళి తెగినప్పుడు సొమ్ము తిరిగి ఇవ్వాలనడం రాజ్యాంగవిరుద్ధమంది. ఇవ్వడం, పుచ్చుకోవడం మాత్రం తప్పనలేదు. అక్కడి ఆడవాళ్ళకి అడ్డుపడ్డది మాటలోని ధర కన్నా ఆ తిరిగి కట్టడమే. పుట్టింటివాళ్ళు కట్టలేక, దెబ్బలు తింటున్న కూతుర్ని అక్కడే ఉండమనేవారు. మారుమనువు తలుపు గురించి నేను పైన రాసినదాన్ని ఈ తీర్పు పక్కన పెట్టి చదువుకోవాలి. తలుపు ఉంది, తాళం ఖరీదూ ఉంది.

ఆ ఖరీదు కట్టిన మనిషి మా ఇంట్లోనే ఉంది. మామ్మకి అప్ప, మేం పెద్దమామ్మ అనేవాళ్ళం. మొదటి మొగుడు కొట్టేవాడు. వచ్చేసింది. పెద్దలు కూర్చుని ఓలి తిరిగివ్వమన్నారు. తండ్రి దగ్గర లేదు, ఖర్చయిపోయింది. చేసుకుంటానని వచ్చిన రెండోవాడూ అప్పటికి లేడు. రెండు ఉభాలకాలాలు, రెండు కోతలు కూలికెళ్ళి, కొంత అన్నదగ్గర చేబదులు పుచ్చుకుని ఆవిడే కట్టింది. నా పరిశోధన కోసం టేపురికార్డరు పెట్టుకుని కూర్చుంటే ఈ సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. "నా ఓలి నానే తీర్సీసుకున్నాను. ఆడెవుడు నన్నడగడానికి?" తరవాత చాలా ఏళ్ళకి మారుమనువు చేసుకుంది. ఆ పెళ్ళికి ఓలి పుచ్చుకోనివ్వలేదట.

ఈ మాటల అనువాదం ఒక ఇంగ్లీషు సంకలనానికి పంపాను. ఓలి అన్న చోట ఓలి అనే ఉంచాను. సంపాదకుల దగ్గర్నుంచి తిరిగొచ్చిన ప్రతిలో ప్రతి చోటా బ్రైడ్-ప్రైస్ అని దిద్ది ఉంది. పెద్దమామ్మ వాక్యం, 'నా బ్రైడ్-ప్రైస్ నేనే తిరిగి చెల్లించాను' అని తయారైంది. ఇంగ్లీషులో చదివితే ఏదో ముద్రారాక్షసంలా ఉంటుంది. పెళ్ళికూతురే పెళ్ళికూతురి ధర కట్టడమేమిటి? షష్ఠి ప్రకారం, చతుర్థి ప్రకారం ఆ వాక్యానికి అర్థం లేదు. దానికి తృతీయ కావాలి. కన్య చేత శుల్కం. అలాంటి విగ్రహవాక్యం మా వ్యాకరణం మాస్టారు ఎప్పుడూ రాయించలేదు.

దిద్దుబాట్లన్నీ కొట్టేసి ఓలి అని మళ్ళీ రాశాను. పదవివరణలో రెండు ముక్కలు చాలన్నారు. నేను పంపింది ఇది. ఓలి అంటే పెళ్ళికొడుకు ఇంటివాళ్ళు పెళ్ళికూతురి తండ్రికి, ఆమె చేసే పని పోతున్నందుకు ఇచ్చే సొమ్ము. ఆమె విడిపోతే ఆమెను చేసుకోబోయేవాడు మొదటివాడికి తిరిగి కట్టేది. ఒక్కోసారి ఆమే కట్టేది. పొడుగైందని మళ్ళీ ఉత్తరం వచ్చింది. ఆ చివరి భాగం ఒక్క మనిషి విషయమే కదా, తీసేయవచ్చా అని అడిగారు. మా ఊళ్ళో ఇంకో ముగ్గురు ముసలివాళ్ళ దగ్గరికి ఇప్పుడు తిరుగుతున్నాను. వాళ్ళలో ఒకావిడ తన మేనత్త కూడా అలాగే కట్టిందని, కానీ డబ్బు కాదు, రెండు పుట్ల ధాన్యమని చెబుతోంది.